మామయ్య మోచేయి

మా కండక్టరుగారు పరుపు మీద పడుకుని నవ్వుతున్న సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు చూసింది నేనే. పెద్ద కూడలి దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచి యథాలాపంగా తలెత్తాను. ఎదురు మేడ మీద మూడంతస్తుల ఎత్తున పరుపుల కంపెనీ బోర్డు. తెల్లటి దిండు మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని, పైవరసలో ఊడిన పన్ను తాలూకు సందు కూడా దాచుకోకుండా నవ్వుతున్న పెద్దాయన. కింద ‘ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?’ అని ప్రశ్న. ఆ నవ్వు నేనెరుగుదును. ఆ సందూ ఎరుగుదును. నేనెరగనిది దిండు ఒక్కటే. ఏడాది కిందట పెన్షన్ కాగితాల కోసం మా స్టూడియోకు వచ్చి, స్టూలు మీద నిటారుగా కూర్చున్న రిటైరైన బస్సు కండక్టరును ఎవరో మహానుభావులు అడ్డంగా పడుకోబెట్టేశారు.

నోరు తెరుచుకుని చూస్తూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. వెనక్కి నడుస్తుంటే సంతోషం సగం, భయం సగం. భయం ఎందుకంటే, ఆ ఫొటో గడప దాటిన దారి నేను వేసిందే. స్టూడియోకు ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టి, బాగున్న ఫొటోలన్నీ పెద్ద సైజులో, ఎవరి పేరూ వేయకుండా అందులోకి ఎక్కించింది నేను. పేరు వేస్తే మొహం మీద మరకలా ఉంటుందని నా సౌందర్య దృష్టి.

మా స్టూడియో అన్నాను గాని అది మా మామయ్యది. కింద స్టూడియో, పైన ఇల్లు. నేను పనిచేసే ప్రెస్సు మూతబడితే, నాలుగు నెలలు తలదాచుకుందామని మా ఆవిడతో కలిసి వచ్చి నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాను. అల్లుడు మామ మోచేతి నీళ్ళు తాగుతున్నాడని బంధువులు చాటుగా అనుకునేవాళ్ళు. కొందరు చాటుకు వెళ్ళే శ్రమ కూడా పడేవాళ్ళు కాదు. పట్టించుకోనట్టు నవ్వేవాణ్ణి గాని, లోపల బాగానే పట్టించుకునేవాణ్ణి.

స్టూడియోలో ఎవరి పని వాళ్ళకుండేది. మామయ్య రెండు పెద్ద లైట్లు సర్దేవాడు. వచ్చినవాళ్ళ కాలరు సరిచేసి, గడ్డం పట్టుకుని అరంగుళం పైకెత్తి, కెమెరా పక్కకు వచ్చి నిలబడి ‘రెడీ!’ అని గట్టిగా అనేవాడు. ఆ తర్వాత ‘అయిపోయింది’ అనేవాడు. వెంటనే స్టూలు దగ్గరకు పరిగెత్తి లైటు ఆర్పేవాడు, కరెంటు వృథా అయితే ఆయనకు ప్రాణం పోయినట్టుంటుంది. కెమెరా వెనక నిలబడి బటన్ నొక్కేది అత్తయ్య. గోడ ఫ్యాను చేసే గడగడలో ఆ బటన్ చప్పుడు ఎవరికీ వినబడేది కాదు. “బటన్ నొక్కడం ఎవరైనా నొక్కుతారు, ఫొటో తీయడం వేరే విద్య” అని మామయ్య రోజుకొకసారైనా అనేవాడు. అత్తయ్య “అవును మరి” అనేది. తర్వాత ఫొటో నా కంప్యూటరుకు వచ్చేది. నేను అంచులు కత్తిరించి ప్రింటు తీస్తే, మామయ్య దాన్ని వెనక్కి తిప్పి ఊదారంగు స్టాంపు గుద్దేవాడు. ‘ఫొటో తీసినవారు’ అని, దాని కింద ఆయన పేరు.

ఆ యేడు బడులు తెరవడానికి ఇంకా నెల ఉంది. పిల్లల అప్లికేషన్లకు ఫొటోలు కావాలి గనక మాకదే సీజన్. ఈ సీజన్ గట్టెక్కాక స్టూడియో మూసేద్దామని మామయ్య అప్పటికే తేల్చేశాడు. ఫోన్లు బాగుచేసే అతను గది అద్దెకు అడుగుతున్నాడు. “ఫోన్లు చెడగొట్టిన వ్యాపారం కదా, ఫోన్లవాడికే ఇచ్చేద్దాం” అని జోకు వేసి, తనే నవ్వకుండా ఉండిపోయేవాడు.

బోర్డు సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, “ఎంత పెద్దగా వేశారు?”

“మూడంతస్తులు, మామయ్యా.”

పట్టపగలు స్టూడియోకు తాళం పడటం నాలుగేళ్ళలో అదే మొదలు. ముగ్గురం బస్సెక్కి కూడలికి వెళ్ళాం. మామయ్య తల వెనక్కి వంచి, మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. మొహం మతాబాలా వెలిగిపోయింది.

“చూశావటయ్యా ఆ చెంప మీద వెలుగు? కుడి పక్క లైటు అడుగు వెనక్కి జరిపాను కనక అలా పడింది.”

“పన్ను సందు బాగా పడింది” అంది అత్తయ్య.

పక్కనే ఉన్న పళ్ళ బండి అతన్ని పట్టుకుని మామయ్య చెప్పేశాడు, “ఆ ఫొటో మాదే!” అని. ఆ బండి అతను బోర్డును కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూసి, “మరి మీ పేరు లేదేం?” అన్నాడు.

మామయ్య కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. నాలుగు మూలలూ వెతికాడు. కంపెనీ పేరుంది. ఫోన్ నంబరుంది. పరుపు ఎన్నంగుళాల మందమో ఉంది. తీసినవాడి ఊసు లేదు. తిరిగి ఇంటికి వచ్చాం. మెట్లెక్కుతూ అన్నాడు.

“నలభై ఏళ్ళు తీశాను. అన్నీ సొరుగుల్లోకీ, పెట్టెల్లోకీ పోయాయి. ఇదొక్కటే ఇంతమంది చూస్తున్నారు. మూసేసేలోపు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి దాని కింద పేరు పడాలి.”

నేను ఇంటర్నెట్ పేజీ సంగతి ఒప్పేసుకున్నాను. మామయ్య తిట్టలేదు. “నువ్వు పెట్టకపోతే ఇంత పెద్దగా వేసేవాళ్ళా?” అన్నాడు. ఆయన ఆనందం అంత లెక్కకు అందనిది.

అసలు గొడవ కండక్టరుగారితో వచ్చింది. ఆయన అప్పటికే రోజూ పొద్దున్నే కూడలికి వెళ్ళి బోర్డు కింద నిలబడుతున్నాడు. కొడుకునీ కోడలినీ తీసుకెళ్ళి చూపించాడు, పాత డిపో స్నేహితులందరినీ పోగేసుకెళ్ళాడు. మేం లాయరు దగ్గరకు వెళుతున్నామని తెలిసి ఆదరాబాదరాగా వచ్చేశాడు.

“కేసంటే బోర్డు దింపేస్తారా ఏమిటి? బతుకంతా బస్సులో నిలబడే ఉన్నానండీ. ఇన్నాళ్ళకు ఎవరో పుణ్యాత్ములు అంత మెత్తటి పరుపు మీద పడుకోబెట్టారు. మీరొచ్చి లేపేస్తారా? అయినా మొహం నాది. మధ్యలో మీకేమిటి?”

ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. లాయరమ్మ ఆఫీసు సైకిల్ షాపు మీద గదిలో ఉంది. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు. మాట్లాడుతున్నంతసేపూ కింద ఎవరో టైరుకు గాలి కొడుతూనే ఉన్నారు. ఆవిడ అంతా విని ముందు కండక్టరుగారి వైపు తిరిగింది.

“మొహం మీదే. దాన్ని అడక్కుండా వాడుకున్నందుకు మీకూ వాళ్ళు జవాబు చెప్పాలి, అది వేరే సంగతి. కానీ ఫొటో అనేది దాన్ని తయారుచేసినవాళ్ళ ఆస్తి. బస్సులో కూర్చున్నంత మాత్రాన బస్సు మీదైపోతుందా?”

“భలేవారే, ఆ మాట నేను రోజుకు పదిమందికి చెప్పేవాణ్ణి” అని కండక్టరుగారు చప్పున ఒప్పేసుకున్నాడు.

“ఇంకొకటి. పెన్షన్ ఫొటో డబ్బిచ్చి తీయించుకున్నారు సరే. ఈ నవ్వే ఫొటో కూడా మీరడిగి తీయించుకున్నదేనా? అలాగైతే లెక్క మారిపోతుంది.”

“పన్ను లేని నవ్వు పెన్షన్ ఆఫీసులో ఎవరు తీసుకుంటారమ్మా? ఇది నేనడగలేదు. వీళ్ళే ఉచితంగా ఇచ్చారు.”

“అయితే ఎవరూ అడగని ఫొటో. హక్కు తీసినవాళ్ళదే” అని ఆవిడ కాగితం మీద గీత గీసింది. మామయ్య ఆ గీత వైపు చూస్తూ మీసం సవరించుకున్నాడు.

కంపెనీకి ఉత్తరం వెళ్ళింది. పదిరోజులకు జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది గాని, చదివితే ఒళ్ళు మండింది. ‘ఈ బొమ్మ మాకు ప్రకటనల సంస్థ ఇచ్చింది. తమ ఫొటోగ్రాఫరే తీశాడని వాళ్ళంటున్నారు. మీదేనని రుజువుంటే చూపండి.’ మామయ్య మొహం పాలిపోయింది. ఫొటో మీద పేరు లేకపోవడం నా నిర్వాకం గనక, రుజువు వెతికే పని నా నెత్తిన వేసుకున్నాను.

మర్నాడు పాత ఫైళ్ళు తిరగేస్తుంటే, కెమెరాలోంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న అసలు ఫొటో తెరమీదకు వచ్చింది. కండక్టరుగారు, నవ్వు, పన్ను సందు. ఎడమ అంచున ఒక మోచేయి. గళ్ళ చొక్కా పొట్టిచేయి, దాని కింద మోచేయి, దానిమీద పాత గాయపు మచ్చ. మామయ్యది.

నేను ఎగిరి గంతేశాను. నాకది కొత్త కాదు. కూరగాయలకు తొడిమలు తీసినట్టు రోజుకు పాతిక ఫొటోల్లోంచి నేను మామయ్య మోచేయి కత్తిరించి పారేస్తూనే ఉంటాను. ఇంటర్నెట్లో పెట్టింది కత్తిరించిన ఫొటో. కంపెనీ దగ్గరున్నదీ అదే. మోచేయి ఉన్న ఫొటో లోకం మొత్తంలో మా దగ్గర మాత్రమే ఉంది.

అందరం మళ్ళీ సైకిల్ షాపు మేడెక్కాం. నేను ప్రింటు తీసి బల్లమీద పరిచాను. మామయ్య చొక్కాచేయి పైకి లాగి, మోచేయి ఫొటో పక్కన ఆనించి పెట్టాడు. మచ్చా మచ్చా సరిపోయాయి.

“బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడ్డానమ్మా, పదేళ్ళ కిందట. ఆ పడటం ఇవాళ పనికొచ్చింది!”

లాయరమ్మ పగలబడి నవ్వింది. “ఇంతకంటే రుజువేం కావాలి? ఇక కంపెనీవాళ్ళ పప్పులుడకవు” అంది. నవ్వుతూనే ఫొటోను దగ్గరగా లాక్కుని ఇంకోసారి చూసింది. నవ్వు మెల్లగా తగ్గింది.

“ఒక్క నిమిషమండీ. మీరు ఫొటోలో ఉన్నారు కదా. మరి కెమెరా దగ్గర ఎవరున్నట్టు?”

నాలుగేళ్ళు రోజూ ఆ మోచేతిని కత్తిరించినవాణ్ణి, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

“మా ఆవిడ” అన్నాడు మామయ్య. “బటన్ నొక్కడానికి.”

లాయరమ్మ మొదటిసారి అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య కిటికీలోంచి కింద సైకిళ్ళు చూస్తోంది.

“ఎప్పుడు నొక్కాలో ఎవరు చెబుతారు?”

“నేనే! రెడీ అంటాను, నొక్కుతుంది. లైట్లు నావి, కూర్చోబెట్టడం నాది, మాట నాది.”

“సరే, అలాగే రాస్తాను. మీరు రెడీ అన్న క్షణంలో, మీ మాట మీద, ఆవిడ బటన్ నొక్కారని. అప్పుడు తీసినవారు మీరే అవుతారు. కానీ ఇది ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితం. ఒక్క ముక్క అబద్ధమని తేలినా మొత్తం కేసు పోతుంది, పేరూ పడదు. వచ్చే వారం కంపెనీ మేనేజరు వస్తున్నాడు. అప్పటిదాకా ఇంట్లో పెట్టుకుని చదువుకోండి.”

ఇంటికొచ్చాక అత్తయ్య ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివింది. మడతపెట్టి గడియారం కింద పెట్టింది. “టైపు ముచ్చటగా కొట్టారు” అని మాత్రం అంది.

మర్నాటినుంచి మా స్టూడియోకు ఏదో అయింది.

మొదట వచ్చింది ఒకటో తరగతిలో చేరబోయే పాప. మామయ్య జడలు సర్దాడు, గడ్డం ఎత్తాడు, “రెడీ!” అన్నాడు. “అయిపోయింది” అనేసరికి అత్తయ్య అప్పటికే కెమెరా వదిలి పక్కకు వచ్చేసింది. నా తెరమీదకు వచ్చిన ఫొటోలో పాప, సూదిమందుకు చేయి చాపినట్టు బిగుసుకుపోయి ఉంది. అంచు కత్తిరిద్దామని చూస్తే కత్తిరించడానికి ఏమీ లేదు.

ఆ రోజు వచ్చిన పదిహేనుమంది పిల్లలూ కొయ్యబొమ్మలే. కిరాణా కొట్టాయన లైసెన్సు కోసం తీయించుకుని, ఫొటో చూసి, “ఇదేమిటండీ, నన్నేదో కేసులో పట్టుకున్నట్టుంది?” అన్నాడు. మూడోరోజుకు ఒక తల్లి ప్రింట్లు వెనక్కి తెచ్చి బల్లమీద పెట్టింది.

“మా అబ్బాయి ఇలా ఉండడండీ. నా చిన్నప్పటి ఫొటో ఇక్కడే తీశారు, ఎంత బాగుంటుందో. అలా తీయండి.”

మామయ్య లైట్ల స్థానం మార్చాడు. లెన్సు తుడిచాడు. గోడకు వెనక కట్టే గుడ్డ మార్చాడు. చివరికి నా మీద పడ్డాడు.

“కంప్యూటర్లో ఏం చేస్తున్నావయ్యా ఫొటోలని?”

“చేయడానికేముంది మామయ్యా, కత్తిరించడానికి మోచేయి కూడా ఉండట్లేదు.”

ఆ సాయంత్రం పోస్టాఫీసు నుంచి వచ్చిన మా ఆవిడకు అంతా చెప్పాను. తను చెప్పులు విప్పుతూ నావైపు జాలిగా చూసింది.

“అమ్మ సమ్మె చేస్తోంది. అదికూడా తెలియలేదూ నీకు?”

“సమ్మె అంటే పని మానేయాలిగా?”

“చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. అంతకంటే పెద్ద సమ్మె ఏముంటుంది?”

అత్తామామల మధ్య దూరడానికి నాకేమన్నా పిచ్చా? కానీ మామయ్యే వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక అత్తయ్య పైన కునుకు తీస్తుండగా, మెల్లగా కిందికి దిగి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

“నువ్వు కత్తిరించనివి ఉన్నాయా? పాతవి?”

“అన్నీ ఉన్నాయి.”

“చూపించు.”

ఒక్కొక్కటే తెరిచాను. కొత్తగా పెళ్ళయిన జంట, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ. అంచున మామయ్య మోచేయి. పరీక్ష తప్పి మళ్ళీ కట్టిన కుర్రాడు, నిట్టూర్చి నవ్వుతూ. అంచున మోచేయి. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన టీచరమ్మ. మోచేయి. నీలం చొక్కా మోచేయి, గళ్ళ చొక్కా మోచేయి, స్వెట్టరు మోచేయి. స్టూడియోకు పేరు తెచ్చిన ఫొటోలు, షాపు అద్దంలో పెట్టినవి, జనం ఫ్రేములు కట్టించుకున్నవి అన్నిట్లోనూ ఉంది.

మామయ్య లేచి కెమెరా పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. “రెడీ అనేటప్పుడు నేనిక్కడుంటాను” అని తనలో తను అనుకున్నాడు. నాలుగడుగులు వేసి స్టూలు దగ్గరకు వెళ్ళి లైటు స్విచ్చు మీద చేయి పెట్టాడు. ఆ చేతివైపు చూసుకున్నాడు. “ఇక్కడికి వచ్చేది అయిపోయింది అన్నాక.”

తర్వాత వచ్చి, “ఆపేయవయ్యా, కళ్ళు నొప్పి పుడతాయి” అని నా భుజం తట్టి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆ మాట ఎత్తలేదు. అత్తయ్యా ఎత్తలేదు. పిల్లలు బిగుసుకుంటూనే ఉన్నారు. గడియారం కింద కాగితం అలాగే ఉంది. ఈయన దానిమీద సంతకం పెట్టేస్తే ఎలాగా అని నాకు దిగులు పట్టుకుంది. పెట్టకపోతే, ఆయన కోరుకున్న ఆ ఒక్క పేరూ లేకుండా పోతుంది.

కంపెనీ మేనేజరు టై కట్టుకుని వచ్చాడు. లాయరమ్మ గదిలో కుర్చీలు చాలక కండక్టరుగారు తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఆయనకది అలవాటే. మేనేజరు మోచేతి ఫొటో చూశాడు, మామయ్య మోచేయి చూశాడు, రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “మా ప్రకటనలవాళ్ళు మమ్మల్ని ముంచారండీ. మీదే, ఒప్పుకుంటున్నాం. తీసినవారు సంతకం పెడితే మిగతావి మాట్లాడుకుందాం” అన్నాడు.

లాయరమ్మ కాగితం మామయ్య ముందుకు జరిపింది. మామయ్య జేబులోంచి పెన్ను తీశాడు. మూత విప్పాడు. కాగితాన్ని, దానిమీద పెన్నును, మెల్లగా అత్తయ్య ముందుకు తోశాడు.

“తను పెట్టాలి. తీసింది తను.”

“మరి ఇందులో మీరు రెడీ అన్న క్షణంలో...” అని లాయరమ్మ మొదలుపెట్టింది.

“అది తప్పమ్మా. కొట్టేసి మళ్ళీ రాయండి. నేను అయిపోయింది అన్నాక తీసింది. క్షణం తనది.”

అత్తయ్య పెన్ను చేతిలోకి తీసుకుంది. “మీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి, నాది ఇంట్లో మర్చిపోయాను” అంది. మామయ్య తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. ఆవిడ కొత్తగా రాసిన కాగితం మొత్తం చదివి, తన పేరు పొడవునా, ఒక్క అక్షరం తగ్గకుండా రాసింది.

“అయ్యో, ఈపాటి దానికి ఇంత తర్జనభర్జనా?” అన్నాడు తలుపు దగ్గర్నుంచి కండక్టరుగారు. “నన్నడిగితే మొదటిరోజే చెప్పేవాణ్ణిగా! ఈయన ‘అయిపోయింది, దిగండి’ అన్నాడు. బతుకంతా నేననే మాట నాకే చెబుతున్నాడే అని నవ్వొచ్చింది. కళ్ళు మూసుకుని నవ్వి, తెరిచేసరికి ఎదురుగా అమ్మగారు బటన్ మీద వేలు పెట్టి ఉన్నారు. స్టూలు మీద కూర్చున్నవాడికి కనబడేది ఆవిడేగా! ఊళ్ళో సగంమందికి తెలుసు.”

తెలియంది మా ఇంట్లో మగవాళ్ళకే. మామయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళజోడు లేదు గనక దాచుకోవడం కుదరలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో వాళ్ళ వెనక సీటు నాది. చెవులు రిక్కించలేదని చెబితే అబద్ధమవుతుంది.

“ఎప్పట్నించి ఇలా?” అన్నాడు మామయ్య.

“పెళ్ళయిన ఏడాది నుంచి. మీరు రెడీ అంటే జనం హడలిపోయేవాళ్ళు. అయిపోయింది అంటే ఊపిరి వదిలేవాళ్ళు. అప్పుడు నొక్కేదాన్ని.”

“ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“చెబితే మీరు రెడీ అనడం మానేస్తారు. హడలకపోతే ఊపిరెలా వదులుతారు?”

మామయ్య లేచాడు. కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చి ఇవతలకు జరిగాడు.

వారం తిరక్కుండా కూడలిలో నిచ్చెనలు లేచాయి. కండక్టరుగారి షరతు ప్రకారం బోర్డు దింపలేదు. ఆయనకు తన మొహం వాడుకున్నందుకు క్షమాపణ ఉత్తరం ఒకటి, ఎనిమిదంగుళాల పరుపు ఒకటి ముట్టాయి. దిండు పక్కన, దూరాన్నించి కూడా కనబడేంత అక్షరాలతో ‘ఫొటో’ అని, అత్తయ్య పేరు పడింది. మేమందరం వెళ్ళి చూశాం. అత్తయ్య సిగ్గుతో పళ్ళు బేరం చేస్తున్నట్టు నటించింది. మామయ్య మాత్రం పళ్ళ బండి అతని భుజం మీద చేయి వేసి వివరిస్తున్నాడు.

“బటన్ నొక్కడం ఎవరైనా నొక్కుతారనుకుంటారయ్యా జనం. ఎప్పుడు నొక్కాలో తెలియడమే అసలు విద్య.”

నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం. పుట్టినప్పట్నించీ అదే మాట అంటున్నట్టున్నాడు ఆయన.

ఫోన్లు బాగుచేసే అతనికి వేరేచోట గది చూసుకోమని కబురు వెళ్ళింది. పిల్లల ఫొటోల్లోకి నవ్వులు తిరిగొచ్చాయి, అంచుల్లోకి మోచేయి తిరిగొచ్చింది. ప్రింట్ల వెనక కొట్టడానికి అత్తయ్య పేరుతో కొత్త స్టాంపు వచ్చింది. మామయ్య దాన్ని పాతదానికంటే రెట్టింపు బలంతో గుద్దేవాడు.

బడులు తెరిచే ముందురోజు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. వాళ్ళ పత్రికలో వేయడానికి అత్తయ్య ఫొటో కావాలట. ఇల్లంతా వెతికాం. పెళ్ళయ్యాక ముప్ఫయి ఎనిమిదేళ్ళలో ఆవిడది ఒక్క ఫొటో లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉంటే ఎక్కణ్ణించి వస్తుంది?

“నేను తీస్తాను” అన్నాడు మామయ్య.

అత్తయ్య స్టూలు మీద కూర్చుంది. మామయ్య కెమెరా వెనకకు వెళ్ళాడు. “రెడీ!” అన్నాడు. అత్తయ్య బిగుసుకుంది. “అయిపోయింది” అన్నాడు. అత్తయ్య ఇంకా బిగుసుకుంది.

“నాతోనా మీ వేషాలు?”

మళ్ళీ ప్రయత్నించాడు. మూడుసార్లు అయిపోయింది అన్నాడు, నాలుగోసారి నిజంగానే విసిగిపోయి, “ఇహ నావల్ల కాదు, అయిపోయింది!” అని అలవాటు కొద్దీ లైటు ఆర్పడానికి స్టూలు దగ్గరకు పరిగెత్తాడు. దారిలో వైరు కాలికి తగిలి, పడబోయి, లైటు స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. అత్తయ్య పకపకా నవ్వింది. అలా నవ్వగలదని నాకా రోజుదాకా తెలియదు.

కెమెరా దగ్గర ఎవరూ లేరు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నొక్కాను.

తెరమీద అత్తయ్య, కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వుతో. ఎడమ అంచున మోచేయి, మచ్చతో సహా. నా చేయి దానంతటదే కత్తిరించడానికి పోయింది.

“అది ఉండనీ” అన్నాడు మామయ్య వెనకనుంచి.

ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వెనక్కి తిప్పి, అలవాటుగా స్టాంపు ఎత్తి, గుద్దబోయి ఆగాడు. స్టాంపు పక్కన పెట్టేశాడు. పెన్ను తీసి ‘ఫొటో తీసినవారు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. తలెత్తి, కళ్ళజోడు పైనుంచి నావైపు చూశాడు.

“ఏమయ్యా, ఇంటిపేరు ముందు రాస్తావా, వెనక రాస్తావా?”

“ముందే, మామయ్యా” అన్నాను.